కొల్లేటి అంచు, చిత్తడి నేలల రక్షణ: డ్రెయిన్ వారీ ప్రణాళికపై కేస్ స్టడీ

కొల్లేరు గోదావరి, కృష్ణా డెల్టాల మధ్య పల్లం. ఎగువ మెట్ట నుంచి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు వచ్చి పడతాయి. డెల్టా వైపు నుంచి పొలాల మురుగు, చేపల చెరువుల నీళ్ళు, పంట కాలువల మిగులు చిన్నా పెద్దా డ్రెయిన్ల మీదుగా చేరతాయి. ఇలా అరవై పైచిలుకు దారుల్లో వచ్చే నీటికి బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరే. అది అరవై కిలోమీటర్లకు పైగా వంకలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సు అంచును, దాని చుట్టూ ఉన్న చిత్తడిని కాపాడే ప్రయత్నాలు ఇప్పటిదాకా హద్దు రాళ్ళ చుట్టూ, చెరువు గట్ల కూల్చివేత చుట్టూ తిరిగాయి. ఆ అనుభవం ఏం నేర్పింది, పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ కొలతతో చెయ్యాలి అన్నవి ఇక్కడ రాస్తున్నాం.

అంచు ఎక్కడుంది

కొల్లేరు అభయారణ్యం హద్దు సముద్ర మట్టానికి +5 అడుగుల కాంటూరు, అంటే ఆ ఎత్తున్న చోట్లన్నిటినీ కలిపే గీత. ఆ లోపలి విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, అంటే సుమారు 76 వేల ఎకరాలు. రామ్‌సర్ (చిత్తడి నేలల రక్షణకు అంతర్జాతీయ ఒప్పందం) గుర్తింపు +10 అడుగుల దాకా ఉన్న 901 చదరపు కిలోమీటర్లకు వర్తిస్తుంది. అయిదడుగుల ఎత్తు తేడాకు విస్తీర్ణం దాదాపు మూడింతలవుతోందన్న మాట. సరస్సు గుండ్రంగా ఉందనుకుని లెక్క వేస్తే, నీటిమట్టం అడుగు పెరిగినప్పుడల్లా అంచు సగటున 1.4 కిలోమీటర్లు బయటికి జరుగుతుంది. అడుగు తగ్గితే అంతే లోపలికి పోతుంది.

ఇంత చదునైన చోట ఒడ్డును గీతగా చూస్తే ప్రతి లెక్కా తప్పుతుంది. +3కీ +7కీ మధ్య ఏటా మునిగి తేలే నేలంతా ఒడ్డే. జమ్ము, తుంగ, కిక్కిస పెరిగేది అక్కడే. కొర్రమీను, మట్టగిడస గుడ్లు పెట్టేది ఆ గడ్డి మొదళ్ళలోనే. వలస పక్షులకు జానెడు లోతు నీళ్ళు దొరికేది కూడా ఆ పట్టీలోనే. రాతి కట్టడమో నడక దారో వేసి దాన్ని కాపాడలేం. ఏ డ్రెయిన్‌లోకి ఎవరు, ఎప్పుడు, ఎంత నీరు, ఎలాంటి నీరు వదులుతున్నారు, ఆ నీరు ఉప్పుటేరు దాకా ఎక్కడెక్కడ ఆగుతోంది అన్న రెండు ప్రశ్నల మీదే ఆ పట్టీ బతుకు ఆధారపడి ఉంది. అందుకే ప్రణాళికకు డ్రెయిన్‌ను, అది నీరు తెచ్చే ఆయకట్టును కలిపి ఒక యూనిట్‌గా తీసుకోవాలి. గ్రామాన్ని యూనిట్‌గా పెట్టుకుంటే ఎగువ ఊరి చెరువు నీళ్ళు దిగువ ఊరి సమస్యగా మిగులుతాయి. సరస్సు మొత్తాన్ని ఒకే యూనిట్‌గా తీసుకుంటే ఎవరికీ బాధ్యత పట్టదు.

కూల్చివేత ఎందుకు నిలవలేదు

1970ల రెండో సగంలో మత్స్యకారుల సహకార సంఘాల పేరుతో ప్రభుత్వమే సరస్సులో చేపల చెరువులకు దారి తెరిచింది. తర్వాత లీజులు, పెట్టుబడులు వచ్చి గట్లు లోతట్టు దాకా పాకాయి. 1999 అక్టోబరులో అభయారణ్యం ప్రకటన, 2002 ఆగస్టులో రామ్‌సర్ గుర్తింపు వచ్చాయి. 2005, 2006 సంవత్సరాల్లో సుప్రీంకోర్టు కేంద్ర సాధికార కమిటీ పర్యవేక్షణలో 'ఆపరేషన్ కొల్లేరు' జరిగి +5 లోపలి చెరువుల గట్లకు గండ్లు పడ్డాయి. 2008లో హద్దును +3కి కుదించాలని శాసనసభ తీర్మానించింది. ఆ విషయం పరిశీలించిన అజీజ్ కమిటీ కుదింపును సమర్థించలేదు. ఈలోగా చాలాచోట్ల గట్లు మళ్ళీ లేచాయి.

ఎందుకు లేచాయో మట్టి లెక్కలోనే తెలుస్తుంది. నలభై ఎకరాల చతురస్రపు చెరువు చుట్టుకొలత సుమారు 1,600 మీటర్లు. గట్టు పైన 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు, ఇరువైపులా 1:1.5 వాలు అనుకుంటే అడ్డుకోత 12 చదరపు మీటర్లు, మొత్తం మట్టి 19 వేల ఘనపు మీటర్ల పైన. అందులో పది మీటర్ల గండి కొడితే తీసింది 120 ఘనపు మీటర్లు మాత్రమే. ఒక పొక్లెయిన్ రెండు మూడు గంటల్లో దాన్ని తిరిగి పూడ్చేస్తుంది. అదే గట్టు మట్టినంతా చెరువు లోపల సమంగా సర్దితే మందం 12 సెంటీమీటర్లే వస్తుంది. మళ్ళీ చెరువు కావాలంటే మొత్తం కొత్తగా తవ్వుకోవాలి. గండి కొట్టడం ఫొటోకు సరిపోతుంది, సరస్సుకు సరిపోదు. ఇకపై ఎక్కడ గట్టు తీసినా మట్టిని ముందు లోపలి వైపు తవ్వుగుంటల్లో నింపి, మిగిలింది పరచాలి. పని ఏప్రిల్, మే నెలల్లో నేల ఎండినప్పుడే చెయ్యాలి. తడి మట్టిని కదిపితే అడుగున చేరిన భాస్వరమంతా తొలి వానకే సరస్సులోకి పోతుంది.

రెండో కారణం ముంపు. 308 చదరపు కిలోమీటర్ల మీద అడుగు నీరంటే సుమారు 3.3 టీఎంసీలు. అందులో సగం విస్తీర్ణం గట్ల వెనకకు పోతే అదే నీరు మిగతా సగంలో రెండడుగులు నిలబడుతుంది. అప్పుడు లంక గ్రామాల్లో ఇళ్ళల్లోకి నీళ్ళొస్తాయి. ఊరివాళ్ళు రక్షణ గట్టు అడుగుతారు. దానితో నీటికి చోటు ఇంకా తగ్గుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన నీరు కూడా చివరికి చేరింది ఈ పల్లానికే. అలాంటి వరద వచ్చినప్పుడు ప్రతి గట్టూ ఎవరో ఒకరి గడప మీదికి నీరు తోస్తుంది.

ముందు ఎత్తులు, తర్వాతే మ్యాపు

కొల్లేటి పనిలో ఎక్కువ తగాదాలు ఎత్తు కొలతలోని తప్పుల వల్లే పుడతాయి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఎత్తులో 5 సెంటీమీటర్ల తప్పు జరిగితే నేల మీద హద్దు సుమారు 230 మీటర్లు జరుగుతుంది. ఒక రైతు పొలం మొత్తం హద్దుకు లోపల పడడానికో బయట పడడానికో అది చాలు. ఫోన్ చూపే ఎత్తు ఈ పనికి బొత్తిగా పనికిరాదు. ఉచితంగా దొరికే ఉపగ్రహ ఎత్తుల పటాల్లో తప్పు మీటర్లలో ఉంటుంది. మనకు కావలసిన తేడా అంగుళాల్లో ఉంది.

ఆటో లెవెల్ (ఎత్తు చూసే పరికరం), స్టాఫ్ (కొలతల కర్ర) పట్టుకుని సర్వే ఆఫ్ ఇండియా బెంచ్ మార్క్ (ఎత్తు తెలిసిన స్థిర గుర్తు) నుంచి లెవెల్ తేవాలి. మధ్యలో వంతెన పిట్టగోడ, లాకు రాయి వంటి కదలని చోట్ల తాత్కాలిక బెంచ్ మార్కులు పెట్టుకుంటూ, నాలుగు కిలోమీటర్లకు మించకుండా ఒక చుట్టు ముగించి బయలుదేరిన చోటికే రావాలి. అనుమతించే తేడా కిలోమీటర్ల వర్గమూలాన్ని 12తో గుణిస్తే వచ్చినన్ని మిల్లీమీటర్లు. నాలుగు కిలోమీటర్లకు 24 మిల్లీమీటర్లు. దాటితే ఆ చుట్టు మళ్ళీ చెయ్యాల్సిందే. ఆ 24 మిల్లీమీటర్లకే నేల మీద 110 మీటర్ల సందిగ్ధం ఉంటుంది కాబట్టి ఇంతకంటే సడలిస్తే కొలిచిన ప్రయోజనం పోతుంది. స్టాఫ్ పట్టే మనిషి మెత్తటి బురదలో నిలబడితే రెండు రీడింగుల మధ్య స్టాఫ్ దిగబడుతుంది. కింద ఇనుప పలక వేసుకోవాలి. ఎండ తీవ్రంగా ఉన్న వేళ, ఉదయం పదకొండు దాటాక, నేల మీది గాలి అలలాడి రీడింగు కదులుతుంది. తెల్లవారి ఆరు నుంచి పది లోపు చేసిన కొలతలే నమ్మదగ్గవి.

కాగితాల్లో అడుగులు, పరికరంలో మీటర్లు ఉంటాయి. +3 అడుగులు 0.914 మీటర్లు, +5 అంటే 1.524, +7 అంటే 2.134, +10 అంటే 3.048. ఈ నాలుగు అంకెలూ ఫీల్డు పుస్తకం అట్ట మీదే రాసి పెట్టుకోవడం మంచిది. రాళ్ళు పాతేటప్పుడు +5తో పాటు +3, +7 గుర్తులు కూడా అదే వరుసలో పెడితే ఊరివాళ్ళకు నీరు ఎక్కడిదాకా వస్తుందో కంటికి కనబడుతుంది. హద్దు మీద వాదన అక్కడే సగం చల్లారుతుంది.

డ్రెయిన్ వెంట మూడుసార్లు

ఒక్కసారి నడిచి రాసుకున్న నివేదిక డ్రెయిన్ గురించి ఏమీ చెప్పదు. పంట కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, సార్వా దమ్ములప్పుడు జులైలో ఒకసారి, తుపాను వానల తర్వాత అక్టోబరు, నవంబరుల్లో ఒకసారి నడవాలి. సరస్సులో కలిసే చోట సున్నా పెట్టుకుని ఎగువకు పోతూ ప్రతి తూము, పైపు, ఇంజను షెడ్డు, వంతెన, అడ్డుకట్టల దూరం రాయాలి. తూము అడుగు మట్టం, పైపు వ్యాసం, అది ఏ చెరువుది, ఏ ఊరిది అన్నవి పక్కనే ఉండాలి. మే నెలలో నీరు అడుగంటినప్పుడే దొంగ పైపులు బయటపడతాయి. వాటి మూతి కింద గట్టు వాలు మీద నల్లటి చారలు, నాచు పట్టిన రాళ్ళు, ఆ ఒక్కచోటే ఏపుగా లేచిన గుర్రపుడెక్క కనిపిస్తాయి.

ప్రవాహం కొలవడానికి ఖరీదైన పరికరం అవసరం లేదు. తిన్నగా ఉన్న ఇరవై మీటర్ల ముక్కలో కొబ్బరి కాయ వదిలి సమయం చూసుకుంటే చాలు. ఉదాహరణకు 6 మీటర్ల వెడల్పు, సగటున 0.8 మీటర్ల లోతు ఉన్న చోట కాయ 80 సెకన్లు తీసుకుంటే పైనీటి వేగం సెకనుకు 0.25 మీటరు. అడుగు నీరు నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి 0.85తో గుణించాలి. అప్పుడు సెకనుకు సుమారు ఒక ఘనపు మీటరు, అంటే 36 క్యూసెక్కులు, రోజుకు 88 వేల ఘనపు మీటర్లు. ఉప్పుటేరుకు దగ్గరి డ్రెయిన్లలో పోటుకూ పాటుకూ విడిగా కొలవాలి. పోటు వేళ నీరు ఆగడమే కాదు, వెనక్కి కూడా నడుస్తుంది.

నీటి నాణ్యతకు మూడు కొలతలు చాలు: ఉప్పు శాతానికి ఈసీ (నీటి విద్యుత్ వాహకత) మీటరు, కరిగిన ఆక్సిజన్, నీటి తేటదనం. ఆక్సిజన్ తెల్లవారుజామునే చూడాలి. మధ్యాహ్నం నాచు ఎండలో వదిలే ఆక్సిజన్‌తో అంకె ఎక్కువగా కనబడి మోసం చేస్తుంది. తెల్లవారి లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే తక్కువ ఉంటే ఆ డ్రెయిన్ కలిసే చోట చాలా రకాల చేపలు నిలవలేవు.

చెరువు నీరు: ఎంత మేత, ఎంత మిగులు

టన్ను చేప పెరగడానికి మూడు టన్నుల నూనె తీసిన తవుడు పడిందనుకుందాం. తవుడులో ప్రోటీన్ 15 శాతం అనుకుంటే నత్రజని 2.4 శాతం, మూడు టన్నుల్లో 72 కిలోలు. పట్టుబడిలో చేపతో పాటు బయటికి పోయేది సుమారు 26 కిలోలు. భాస్వరం పరిస్థితి ఇంకా అధ్వానం. తవుడులో అది దాదాపు ఒకటిన్నర శాతం, అంటే 45 కిలోలు. చేపలో మిగిలేది ఆరేడు కిలోలే. మిగతాదంతా నీటిలో, ఎక్కువగా అడుగు మడ్డిలో ఉండిపోతుంది. ఎకరాకు మూడు టన్నుల దిగుబడి లెక్కన నలభై ఎకరాల చెరువు ఒక పంటకు నాలుగున్నర టన్నుల పైన భాస్వరం వెనక మిగులుస్తుంది. గుర్రపుడెక్కకు అసలు మేత ఇదే. ఈ మూలం వదిలేసి డెక్క తీయడానికి టెండర్లు పిలిస్తే ఏటా పిలుస్తూనే ఉండాలి.

మంచి విషయం ఏమిటంటే ఈ మడ్డి నీరంతటా సమంగా ఉండదు. చెరువు ఎండగట్టేటప్పుడు మొదటి మూడు వంతుల నీరు ఓ మోస్తరుగా తేటగానే పోతుంది. వల లాగి, మనుషులు దిగి, తక్కువ లోతులో నీరు వేగంగా తూము వైపు పరుగెత్తినప్పుడు చివరి నాలుగో వంతు అడుగును దేవుకుని వస్తుంది. ఆ ఒక్క వంతును పట్టుకోగలిగితే నష్టంలో ఎక్కువ భాగం ఆగుతుంది. నలభై ఎకరాలు, మీటరున్నర లోతు చెరువులో ఆ చివరి వంతు సుమారు 61 వేల ఘనపు మీటర్లు. దాన్ని అయిదు రోజుల్లో వదిలితే రోజుకు 12 వేలు. ఒక రోజు నిలవ ఉంచడానికి మీటరు లోతున మూడెకరాల తేట గుంట చాలు. రెండు రోజుల్లోనే తోడేస్తే అదే పనికి ఏడున్నర ఎకరాలు కావాలి. భూమి ఇవ్వలేని రైతు రోజులు ఇవ్వగలడు. ఈ మాట లెక్కతో చెప్పినప్పుడు ఒప్పుకునే అవకాశం ఎక్కువ.

తేట గుంట పొడవు వెడల్పుకు మూడు రెట్లు ఉండాలి. నీరు ఒక కొస నుంచి వచ్చి రెండో కొస నుంచి పోవాలి. బయటికి పోయే చోట అడుగు పైపు పెడితే గుంట ఉన్నా లేనట్టే. పైపొర నీరు మాత్రమే పొర్లేలా పలకల అడ్డు ఉండాలి. మడ్డికి అడుగున 30 సెంటీమీటర్లు అదనంగా వదలాలి. మూడో వంతు నిండగానే తీసి కొబ్బరి తోటలకో పొలం గట్లకో తోలాలి. గుంట పక్కనే పోస్తే తొలకరికి మళ్ళీ డ్రెయిన్‌లోకే జారుతుంది. కొందరు చివరి నీటిని పక్క చెరువులోకి తోడుకుంటారు. అది అన్నిటికంటే చవకైన మార్గం. కానీ చేప పేను పట్టిన చెరువు నీరు పక్క చెరువుకు ఇస్తే రోగం కూడా ఇచ్చినట్టే.

ఇక వంతులు. పై ఉదాహరణలోని డ్రెయిన్ ఏప్రిల్‌లో నాలుగో వంతుకు పడిపోతే రోజుకు పారేది 22 వేల ఘనపు మీటర్లే. ఒకేసారి రెండు చెరువులు రోజుకు 12 వేల చొప్పున వదిలితే ఆ డ్రెయిన్‌లో చెరువు నీరే పారుతుంది. పంట కాలువకు వంతులు పెట్టుకోవడం డెల్టా రైతుకు కొత్త కాదు. మురుగుకూ అదే పద్ధతి కావాలి. పట్టుబడి తేదీ పది రోజుల ముందే రిజిస్టరులో రాయించి, ఒక వారంలో ఒక డ్రెయిన్ మీద ఒక్క చెరువే చివరి నీరు వదలాలన్న కట్టుబాటు పెట్టుకోవాలి. ధర పెరిగిన వారం అందరూ ఒకేసారి పట్టుబడికి దిగుతారు, కట్టుబాటు తెగేది అప్పుడే. అందుకే నియమం పట్టుబడి మీద పెట్టకూడదు, తూము మీద పెట్టాలి. చేప ఎప్పుడైనా పట్టుకోవచ్చు, చివరి నీరు మాత్రం వంతు వచ్చేదాకా చెరువులోనే ఉండాలి.

వరి పొలాల వంతు చిన్నదే అయినా విస్తీర్ణం పెద్దది. దమ్ము చేశాక ఒకటి రెండు రోజులు నీరు తేరనిచ్చి వదలడం, యూరియా చల్లిన తర్వాత మూడు నుంచి అయిదు రోజులు మడవ కట్టి ఉంచడం, ఈ రెండూ పాటిస్తే చాలు. రైతుకు ఎరువు కూడా మిగులుతుంది.

మొగ దగ్గర చిత్తడి

డ్రెయిన్ సరస్సులో కలిసే చోట పొక్లెయిన్ పెట్టి నీటికి దారి తిన్నగా చేస్తుంటారు. ఆ చోటికి చేసే కీడుల్లో ఇదే పెద్దది. జమ్ము, తుంగల మధ్య విసనకర్రలా పరుచుకుని నెమ్మదించాల్సిన నీరు కాలువ పట్టుకుని నేరుగా లోతులోకి దూకుతుంది. చిత్తడి పక్కనే ఉన్నా దాని పని దానికి దక్కదు.

నీటిని శుభ్రం చేసే చిత్తడి మీద రోజుకు 10 సెంటీమీటర్ల మందానికి మించి నీరు పడకుండా చూసుకోవాలి. రోజుకు 88 వేల ఘనపు మీటర్లకు ఆ లెక్కన 88 హెక్టార్లు, అంటే 217 ఎకరాలు కావాలి. వాన కాలపు ప్రవాహానికి అంత చోటు అన్ని మొగల దగ్గరా దొరకదు. ఆ నీరు పక్క నుంచి పోవాల్సిందే. వేసవిలో 22 వేలకు మాత్రం 54 ఎకరాలు చాలు. నీరు తక్కువగా, మురికి ఎక్కువగా ఉండేది కూడా అప్పుడే. కాబట్టి ప్రతి మొగ దగ్గరా +3, +5ల మధ్య 50, 60 ఎకరాల గడ్డిని తవ్వకుండా, తగలబెట్టకుండా, మేపకుండా ఉంచడం ప్రణాళికలో మొదటి వరుసలో ఉండాలి. వరద నీటికి పక్కన విడిగా దారి ఇచ్చి, దాని ముఖద్వారం అడుగు మట్టం చిత్తడి మట్టానికి 30 సెంటీమీటర్లు ఎత్తున పెడితే వేసవి నీరు తనంతట గడ్డిలోకి, వరద నీరు దారిలోకి పోతాయి.

గడ్డి భాస్వరాన్ని పీల్చుకుంటుంది. కోసి బయటికి తీసుకుపోతేనే అది సరస్సు నుంచి పోయినట్టు. అక్కడే కుళ్ళితే తిరిగి నీటిలోకే చేరుతుంది, తగలబెడితే బూడిదగా అదే చోట పడుతుంది. మార్చి నుంచి మే లోపు, శీతాకాలపు పక్షులు వెళ్ళాక, నీటికోళ్ళు గూళ్ళు కట్టకముందు కోయాలి. ఒక ఏడాది మొత్తం పట్టీలో మూడో వంతు మాత్రమే కోసి మిగతాది వదలాలి. తుంగ చాపలకు, కిక్కిస కప్పులకు, దడులకు పోతుంది కాబట్టి ఊళ్ళో కూలి దొరుకుతుంది. జమ్ము విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోవాలి. నీటి పైన కోస్తే మళ్ళీ చిగురిస్తుంది. నీటి కింద కోసి మొదళ్ళు కొన్ని వారాలు మునిగి ఉంటే గాలి అందక చస్తుంది. పట్టీలో పైకోత, దోనెల దారుల్లో కిందికోత వెయ్యాలి. ఈ తేడా చెప్పకుండా కూలీలను దింపితే ఉండాల్సిన చోట జమ్ము పోయి, పోవాల్సిన చోట మిగులుతుంది.

గుర్రపుడెక్క, పూడిక, ఉప్పు

డెక్క వేడి వాతావరణంలో రెండు వారాల్లో రెట్టింపవుతుంది. సగం తీసి వదిలేస్తే రెండు వారాల్లో మొదటికొస్తుంది. తీసే పని ఎగువ నుంచి మొదలుపెట్టి, దిగువన వెదురు తేలుకట్టు వేసుకుని సాగాలి. తేలుకట్టును ప్రవాహానికి అడ్డంగా కట్టకూడదు, తెగుతుంది. ఒడ్డు వైపు ఏటవాలుగా, 30 నుంచి 45 డిగ్రీల కోణంలో కడితే డెక్క తనంతట ఒక మూలకు చేరుతుంది. అక్కడి నుంచి తీయడం తేలిక. పచ్చి డెక్కలో తొంభై శాతం పైన నీరే. తీసిన రోజే లారీ ఎక్కిస్తే నీళ్ళు మోసిన కిరాయి కట్టినట్టే. అంచుకు పది మీటర్ల దూరాన పది రోజులు ఆరబెట్టి అప్పుడు తోలాలి. మందు కొట్టి చంపడం చూడడానికి చవక. కానీ కుళ్ళిన డెక్క అడుగుకు చేరి పూడికవుతుంది, ఆక్సిజన్ లాగేస్తుంది, చేప చస్తుంది. ఏలూరు, కైకలూరు రోడ్డులో పెదఎడ్లగాడి వంతెన దగ్గర డెక్క అడ్డుపడితే ఎగువన నీరు నిలుస్తుంది కాబట్టి వానల ముందు మొదటి చూపు అక్కడ పడాలి.

పూడికతీత దిగువ నుంచి ఎగువకు జరగాలి. ఎగువ నుంచి మొదలుపెడితే కదిలిన మట్టి దిగువన మేట వేస్తుంది, లోతు చేసిన చోట నీరు నిలిచి డెక్కకు మడుగవుతుంది. అడుగు మట్టం ఏ చోటా దిగువ కలయిక మట్టం కంటే కిందికి పోకూడదు. ఉప్పుటేరు వాలు ఎంత తక్కువో చూడండి: సరస్సులో నీరు +5 అడుగుల దగ్గరుంటే 60 కిలోమీటర్ల మీద కిలోమీటరుకు రెండున్నర సెంటీమీటర్లు. సముద్రంలో పోటు వస్తే అది కూడా మిగలదు. అలాంటి ఏటిని పోటు, పాట్లు చూడకుండా లోతు చేస్తే వరద త్వరగా పోతుందేమో గాని, వేసవిలో ఉప్పు నీరు అదే దారిన పైకి ఎక్కుతుంది. తవ్వడం, ఉప్పు నీటిని ఆపే రెగ్యులేటరు, వేసవిలో కొంత మంచినీటి రాక, ఈ మూడూ ఒకే ప్రణాళికలో ఉంటేనే తవ్వకం మేలు చేస్తుంది. తవ్వడం ఒక్కటే చేపట్టడం కంటే ఊరుకోవడం నయం. మార్చి నుంచి ప్రతి వారం డ్రెయిన్ మొగలో ఈసీ చూడాలి. మీటరుకు 2 డెసీసీమెన్స్ దాటిన నీరు దాళ్వా చివరి తడికి పెడితే వరి దిగుబడి దెబ్బతినడం మొదలవుతుంది.

సరస్సు మీద వేసిన ప్రతి రోడ్డూ ఒక కట్టే. గొట్టపు తూములు డెక్కతో, ప్లాస్టిక్‌తో మూసుకుంటాయి. పెట్టె తూము, అడుగు మట్టం నేల మట్టానికే ఉండేలా అడగాలి. అరడుగు ఎత్తున కట్టిన తూము ఎగువన అరడుగు నీటిని శాశ్వతంగా ఆపుతుంది. మన లెక్క ప్రకారం అది 700 మీటర్ల అంచు.

మెట్ట వాగుల పద్ధతి వేరు. అవి తెచ్చేది ముఖ్యంగా మట్టి. అక్కడ చెక్‌డ్యాములు, వాగు గట్ల మీద చెట్లు, ఇసుక తవ్వకం మీద అదుపు పనికొస్తాయి. డెల్టా డ్రెయిన్ల మీద చెక్‌డ్యాము కడితే ముంపు తప్ప ఏమీ రాదు.

ఎవరు, ఏ కాగితం మీద

2017 చిత్తడి నేలల నిబంధనలు ఆక్రమణను, ఇతర వాడకానికి మళ్ళించడాన్ని, చెత్త వెయ్యడాన్ని, శుద్ధి చెయ్యని మురుగు వదలడాన్ని, గత పదేళ్ళ సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపు శాశ్వత కట్టడాలను నిషేధిస్తాయి. వాటిలోనే చిత్తడి 'ప్రభావ ప్రాంతం' గుర్తించాలన్న మాట కూడా ఉంది. డ్రెయిన్ వారీ పనికి చట్టంలో పట్టు దొరికేది అక్కడే. +5 లోపల అటవీ శాఖ, డ్రెయిన్ గట్టు మీద జలవనరుల శాఖ, చెరువు అనుమతుల దగ్గర మత్స్యశాఖ, పంట కాలువ దగ్గర నీటి సంఘం, ఊరి పనుల దగ్గర పంచాయతీ ఉంటాయి. అయిదుగురూ సంతకం పెట్టే ఒకే కాగితం తూముల జాబితా. ఏ తూము, ఎన్నో కిలోమీటరు, ఎవరిది, ఏ వారం తెరుస్తారు అన్నది అందులో ఉంటుంది. దాన్ని గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో చేర్చి, గడ్డి కోత, చిన్న బోదెల పూడికతీత ఉపాధి హామీ కింద పెట్టుకోవచ్చు. యంత్రాలతో చెయ్యాల్సిన పని అందులో కలిపితే ఆమోదం ఆగిపోతుంది, వాటికి విడిగా అంచనా వెయ్యాలి.

సంప్రదాయంగా మావులు పెట్టి చేపలు పట్టే కుటుంబాలను జాబితా తయారీ నుంచే కూర్చోబెట్టాలి. ఏ డ్రెయిన్ నీరు ఎప్పుడు నల్లబడుతుందో అందరికంటే ముందు తెలిసేది వాళ్ళకే. మావుల దడులు డ్రెయిన్ మధ్యలో మూడు మీటర్ల దారి వదిలేలా వాళ్ళతోనే తీర్మానం చేయించాలి. బయటివాళ్ళు చెబితే దడి ఆ ఏడాదికి జరుగుతుంది, మళ్ళీ ఏడు యథాస్థానానికి వస్తుంది. +5 లోపలి జిరాయితీ భూముల పరిహారం తేలాల్సింది ప్రభుత్వం దగ్గర. అది తేలేదాకా ఆ రైతులను ఆక్రమణదారులతో ఒక గాటన కట్టకూడదు, జాబితాలో వాళ్ళ తూములకు విడి గుర్తు ఉండాలి.

రెండో ఏడాది చూడాల్సినవి నాలుగే: మే నెలలో తెల్లవారి ఆక్సిజన్, మొగ దగ్గర తవ్వకుండా, తగలబడకుండా నిలిచిన గడ్డి ఎకరాలు, జులైలో డెక్క కప్పిన డ్రెయిన్ పొడవు, వరద తర్వాత +5 రాయి దగ్గర నీరు నిలిచిన రోజులు. నాలుగూ ప్రతి ఏడూ అవే చోట్ల, అవే నెలల్లో, అదే మనిషి కొలిచి రాసిన రిజిస్టరు ఉంటే మూడో ఏడాది ఏ తూము దగ్గరికి ముందు వెళ్ళాలో అందులోనే కనబడుతుంది.